మసకబారిన ఫైళ్ళు

హిల్కా టీహోనెన్ ముప్పై నాలుగేళ్ళు బడిలో రసాయనశాస్త్రం చెప్పింది. అన్నేళ్ళలో "నాకు తెలియదు" అన్న మాట ఆమె నోట విన్న పిల్లవాడు ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు. తెలిసినా తెలియకపోయినా ముందు ఒక జవాబు చెప్పెయ్యడం, అది తప్పయితే మర్నాడు ఇంకో జవాబుతో దాన్ని కప్పెయ్యడం ఆవిడ పద్ధతి. పిల్లల దగ్గర అది చెల్లింది. రిటైరయ్యాక కూడా అదే పద్ధతి వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళింది, అక్కడే వచ్చింది చిక్కంతా.

హౌకినియెమీ గ్రంథాలయంలో ప్రతి బుధవారం పది నుంచి పన్నెండు దాకా పెద్దవాళ్ళకు పెద్దవాళ్ళే కంప్యూటరు నేర్పుతారు. నేర్పేవాళ్ళకు జీతం లేదు. కాఫీ ఉంటుంది, యాలకుల రొట్టె ఉంటుంది, ఒకే ఒక్క నియమం ఉంటుంది. నేర్పేవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఎదుటివాళ్ళ కంప్యూటరు మీద వేలు పెట్టకూడదు. నొక్కేది నేర్చుకునేవాళ్ళే. అప్పుడే వాళ్ళకు పని వస్తుందని గోడమీది అట్ట మీద రాసి ఉంటుంది. రేపు ఏదన్నా అయితే "మేం ముట్టుకోలేదు" అని తప్పుకోవచ్చన్న సంగతి అట్ట మీద లేదు గానీ, అది కూడా అందరికీ తెలిసిందే.

హిల్కా దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఎన్సియో పకారినెన్ ఒకడు. డెబ్భై ఆరేళ్ళు. భార్య లేదు, కూతురు మర్కెత్తా పట్నంలో ఉంటుంది. సరస్సు ఇరుకైన చోట, ఇనుప తాడు పట్టుకుని ఈ గట్టుకూ ఆ గట్టుకూ తిరిగే ఫెర్రీని ముప్పై ఒక్క ఏళ్ళు నడిపాడు. అది ఎక్కిన పెళ్ళికూతుళ్ళు, శవపేటికలు, ఎద్దులు, తాగుబోతులు, అందరి సంగతులూ కంప్యూటరులో రాసుకుంటున్నాడు. శీతాకాలమంతా కూర్చుని నలభై రెండు పేజీలు రాశాడు. రెండు వేళ్ళతో రాసిన నలభై రెండు పేజీలంటే మాటలు కావు. ఎండాకాలంలో ఊరి పండగనాడు అవి చదవమని గ్రంథాలయం నడిపే సెయ్యా అడిగింది. "చదువుతాను, కానీ నవ్వినవాడిని ఫెర్రీ దింపేస్తాను" అని ఒప్పుకున్నాడు.

ఏప్రిల్ మొదటి బుధవారం ఎన్సియో తన కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"టీచరమ్మా, ఇది మా ఫెర్రీ కంటే నెమ్మదైపోయింది. కనీసం ఫెర్రీలో అయితే నిలబడి సిగరెట్టు కాల్చుకోవచ్చు."

"చెత్త పేరుకుని ఉంటుంది. ఇల్లయినా, కంప్యూటరయినా మంచు కరిగాక ఒకసారి దులపాలి" అంది హిల్కా.

ఆ కంప్యూటరులోకి రెండు దారులున్నాయి. ఒకటి ఎన్సియో పేరున, ఇంకోటి మర్కెత్తా పేరున. కొనిచ్చింది కూతురు కాబట్టి పెత్తనమంతా కూతురి పేరు మీదే ఉంది. లోతుగా దులపాలంటే కూతురి పేరుతో వెళ్ళాలంది హిల్కా. అలా వెళ్ళి, ఎన్సియో పేరున్న ఫోల్డరు తెరిపించింది. అప్పటికి చుట్టూ మరో నలుగురు చేరారు. జనం చేరితే హిల్కాకు ఉత్సాహం.

"ఇప్పుడు మీకెవరికీ తెలియనిది ఒకటి చూపిస్తాను. కంప్యూటరు కొన్ని ఫైళ్ళను దాచిపెడుతుంది. పైన ఆ మాట దగ్గర నొక్కండి ఎన్సియో గారూ. ఆ, అక్కడే. ఇంకా లోపల ఇంకో గడి ఉంటుంది, అక్కడున్న టిక్కు కూడా తీసెయ్యండి."

అంతదాకా ఏమీ లేనిచోట పది పదిహేను ఫైళ్ళు ప్రత్యక్షమయ్యాయి. మిగతావాటిలా నిండుగా లేవు. రంగు వెలిసిపోయి, మసగ్గా ఉన్నాయి.

"ఇవేమిటి, జబ్బుపడి లేచినట్టున్నాయి?" అన్నాడు ఎన్సియో.

హిల్కాకు తెలియదు. దాచిన ఫైళ్ళను బయటపెట్టడం ఎలాగో ఒక పత్రికలో చదివింది గానీ, అవి ఏమిటో చదవలేదు. "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అంటే సరిపోయేది. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలకు నోరు రాలేదు మహాతల్లికి.

"తీసేసిన ప్రోగ్రాముల తాలూకు శవాలు. ప్రాణం పోయింది కాబట్టి రంగు పోయింది. ఇవే చోటు తినేస్తున్నాయి. అన్నీ పట్టుకుని తీసెయ్యండి."

ఎన్సియో కళ్ళజోడు సవరించుకుని తెర మీద వచ్చిన మాటలు కూడబలుక్కుని చదివాడు. "ఇవి తీసేస్తే కంప్యూటరు పాడవ్వొచ్చు అంటోందే ఇది."

"అందరికీ అలాగే చెబుతుంది. పెరుగు డబ్బా మీద తేదీ చూసి పారేస్తామా ఏమిటి, తినెయ్యమూ? అంతే ఇదీ."

"నొక్కమంటావా?"

"నొక్కండి."

నొక్కాడు. "చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యండి, సగం పని చేసి వదిలేస్తామా" అని అదీ చేయించింది. చేతులు మాత్రం నియమం ప్రకారం వెనక్కి కట్టుకునే ఉంది.

తరవాతి బుధవారం ఎన్సియో పది కాకముందే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కంప్యూటరు తెరిచి తన పేరుతో లోపలికి వెళ్ళాడు. మూలన చిన్న ప్రకటన ఏదో వస్తే చదవకుండా మూసేశాడు. మూలన వచ్చేవన్నీ ఏదో ఒకటి అమ్మజూసేవే, చూసీ చూడగానే మూసెయ్యమని నేర్పింది హిల్కానే. తెర మీద ఎప్పుడూ ఉండే ఫెర్రీ ఫొటో లేదు. నలభై రెండు పేజీలూ లేవు. కొత్త కంప్యూటరులా బోడిగా ఉంది.

"నా మొద్దు చేతులతో ఏదో నొక్కేశాను" అన్నాడు. గొంతు బాగా తగ్గించి అన్నాడు.

హిల్కా అటూ ఇటూ నాలుగు చోట్ల నొక్కించింది. ఏమీ దొరకలేదు. పక్క బల్ల దగ్గరివాళ్ళు తలలెత్తి చూస్తున్నారు.

"ఏదో నొక్కే ఉంటారు లెండి. ఫెర్రీకి ఉన్నవి రెండే మీటలు, దీనికి నూటనాలుగు" అంది. నలుగురూ నవ్వారు. ఎన్సియో కూడా నవ్వాడు. "గుర్తున్నంతవరకు మళ్ళీ రాయండి. రాసి, కళ్ళెదురుగా ఈ తెర మీదే పెట్టుకోండి. అప్పుడు ఎక్కడికీ పోదు."

ఆ నవ్వించిన మాట తరవాత హిల్కాకు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు. గుర్తొచ్చినప్పుడల్లా వంటింట్లో ఒక్కర్తే ఉన్నా మొహం చేతుల్లో దాచుకునేది.

ఎందుకంటే మర్నాడు గురువారం పొద్దున హిల్కాకు నిజం తెలిసిపోయింది. మనసు ఊరుకోక, తన సొంత కంప్యూటరులో దాచిన ఫైళ్ళు బయటపెట్టి చూసింది. అక్కడా అవే మసక బొమ్మలు. తన కంప్యూటరులో తీసేసిన ప్రోగ్రాములే లేవు, మరి శవాలెక్కడివి? అందులో పెద్దది, ఎన్‌టీయూజర్ అనే పేరుది, దాని గురించి కూర్చుని చదివింది. మసగ్గా ఉన్నవి చచ్చినవి కావు. చెయ్యి తగలకూడదని దాచినవి. మనిషి తన పేరుతో లోపలికి వచ్చినప్పుడు, ఈయన ఫలానా, ఈయన ఫొటో ఇది, ఈయన వస్తువులు ఇక్కడుంటాయి అని కంప్యూటరు గుర్తుపట్టేది ఆ ఫైలు చూసే. అది లేకపోతే మనిషిని పోల్చుకోలేదు. దారినపోయేవాడు తలుపు తడితే ఒక పూటకు ఖాళీ గది ఇచ్చినట్టు ఇస్తుంది. ఆయన ఆ గదిలో ఏం పెట్టుకున్నా, వెళ్ళగానే మొత్తం ఊడ్చి బయట పోస్తుంది. ఆ ముక్క మూలన ప్రకటన వేసి మరీ చెబుతుంది.

నలభై రెండు పేజీలు ఎక్కడికీ పోలేదు. పాత ఫోల్డరులో భద్రంగా ఉన్నాయి. కూతురి పేరుతో వెళ్తే రెండు నిమిషాల్లో కనిపిస్తాయి. కొత్తగా రాసేవే, రాసినవి రాసినట్టు పోతాయి.

హిల్కా వెంటనే లేచింది. ఫోను చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. ఏమని చెబుతుంది? కంప్యూటరు వద్దంటున్నా నేనే నొక్కించాను, నాకు తెలియకుండానే తెలిసినట్టు చెప్పాను, పైగా తప్పు మీ చేతుల మీదికి నెట్టి నలుగురిలో నవ్వించాను అనా? బుధవారం ఎలాగూ వస్తాడు. మాటల్లో పెట్టి, పాత ఫోల్డరు తెరిపించి, ఇవిగో దొరికాయి అంటే సరిపోతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పైగా మెచ్చుకుంటారు కూడా. ఆ మెచ్చుకోలు తల్చుకుంటే సిగ్గేసింది, అయినా ఆ ఏర్పాటే చేసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఎన్సియోనే ఫోను చేశాడు.

"టీచరమ్మా, ఒక సంగతి అడుగుతాను. నవ్వకూడదు."

"అడగండి."

"నిన్న ఎద్దు సంగతి రాశాను. సరస్సు మధ్యలో ఫెర్రీ మీంచి దూకిందే, అది. మూడు పేజీలు. నువ్వు చెప్పిన చోటే పెట్టి మూసేశాను. ఇవాళ తెరిస్తే లేదు. సరే, పెట్టడం మర్చిపోయానేమో అని పొద్దున్న మళ్ళీ రాశాను. ఈసారి పెట్టినట్టు కాగితం మీద గీత కూడా గీసుకున్నాను. ఇప్పుడు తెరిస్తే అదీ లేదు. కాగితం మీద గీత ఉంది, ఎద్దు లేదు."

హిల్కా ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"అసలు నేను రాశానంటావా?" అన్నాడు ఎన్సియో. "రాసినట్టే ఉంది నాకు. మా అన్న ఒన్నీకి ఇలాగే మొదలైంది. ఆవు పాలు పితికి వచ్చానని ఒట్టు పెట్టి చెప్పేవాడు. చూస్తే బకెట్టు పొడిగా ఉండేది. చివరికి పెళ్ళాన్ని కూడా నువ్వెవరని అడిగాడు."

అదీ సమయం. అంతకంటే మంచి సమయం ఎవరికీ దొరకదు. మీరు రాశారు, మీ మతికేం ఢోకా లేదు, పాడుచేసింది నేను అనడమే. హిల్కా నోరు తెరిచింది.

"సేవ్ చెయ్యడం మర్చిపోయి ఉంటారు" అంది.



"అంతే అయ్యుంటుంది. మర్చిపోయి ఉంటాను" అన్నాడు ఎన్సియో.

ఫోను పెట్టాక కూడా ఆవిడ అక్కడే నిలబడిపోయింది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే నమ్మలేకపోయింది. ఇంకా ఐదు రోజులే కదా, బుధవారం అంతా సర్దేస్తాను అని తనకు తాను చెప్పుకుంది. శనివారం ఒకసారి, ఆదివారం ఒకసారి నంబరు నొక్కి, మోగకముందే పెట్టేసింది.

బుధవారం ఎన్సియో రాలేదు. హిల్కా పదకొండు దాకా తలుపు వైపే చూసింది. సెయ్యా కాఫీ కూజా పట్టుకుని వచ్చింది. ఒకప్పుడు హిల్కా తరగతిలో చివరి బల్ల మీద కూర్చున్న పిల్ల. ఇప్పుడు గ్రంథాలయం ఆమె చేతిలో ఉంది.

"ఎన్సియో గారి కోసమైతే చూడకండి టీచర్. ఇంక రారట. కంప్యూటరు నేర్చుకునే పుస్తకం కూడా సోమవారం తిరిగిచ్చేశారు."

"ఎందుకని?"

సెయ్యా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పానని అనకండి. మతిమరుపు చూసే నర్సు నంబరు అడిగి తీసుకున్నారు. వచ్చే సోమవారం పదింటికి రమ్మన్నారట. పండగనాడు చదవను, నా పేరు తీసెయ్యమ్మా అన్నారు. ఎలాంటి మనిషి, పాపం. కళ్ళెత్తి చూడలేదు నన్ను." ఆగి, "మీరు బాగా ఓపిగ్గా నేర్పారని చెప్పారు. తన బుర్రకే ఎక్కలేదట" అంది.

ఇంతకంటే చెంపమీద కొట్టినా బాగుండేది. హిల్కా తల ఊపింది. సెయ్యాకు కూడా ఏమీ చెప్పలేదు. ఇంకో నాలుగు రోజులు అలాగే గడిపింది. ఆ రోజుల్లో ఆవిడ తిన్నదేమిటో, పడుకున్నదెప్పుడో అడగొద్దు. సిగ్గుపడేవాళ్ళను చూసి జాలిపడతాం గానీ, సిగ్గు దాచుకోవడానికి ఇంకొకడి మతిని బలిపెట్టేవాళ్ళను చూసి ఏం జాలిపడతాం? ఆ మాట ఆవిడకూ తెలుసు. తెలిసి కూడా కదల్లేదు.

సోమవారం పొద్దున్న మాత్రం కారు తీసింది. ఆరోగ్యకేంద్రంలో మెట్లెక్కి, మలుపు తిరిగేసరికి నర్సు గది బయట బెంచీ మీద ఎన్సియో కనిపించాడు. తెల్ల చొక్కా వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని ఉన్నాడు. ఫెర్రీ చివరిసారి నడిపినరోజు అలా తయారై వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"నువ్వెందుకొచ్చావు టీచరమ్మా? నీకు మతి బాగానే ఉందిగా" అన్నాడు. నవ్వబోయాడు, కుదరలేదు.

"మీకూ బాగానే ఉంది" అంది హిల్కా. కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదని భయం. "మీరు ఎద్దు సంగతి రాశారు. సేవ్ కూడా చేశారు. నేను ఆరోజు తీయించినవి చచ్చిన ఫైళ్ళు కావు. వాటిలో ఒకటి లేకపోతే కంప్యూటరుకి మీరెవరో తెలియదు. మీరు రాసిందల్లా మూసీ మూయగానే తుడిచేస్తుంది. మర్చిపోయింది అది, మీరు కాదు. పాత నలభై రెండు పేజీలూ భద్రంగా ఉన్నాయి. తప్పంతా నాది. అవేమిటో నాకు తెలియకుండానే మీచేత నొక్కించాను."

ఎన్సియో చేతిలోని కాగితం ఇంకో మడత పెట్టాడు.

"అయితే రాశానన్నమాట."

"రాశారు."

"ఆరుసార్లు రాశాను. ఆరుసార్లూ?"

"ఆరుసార్లూ రాశారు."

ఆయన మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆవిడకు తెలియలేదు. చేతులు తీసేసరికి మొహమంతా తడిగా ఉంది, నవ్వు కూడా ఉంది. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బతికించావు. నిజంగా బతికించావు టీచరమ్మా. ఇంత దూరం పరిగెత్తుకొచ్చి చెప్పావు. ఇంకొకరైతే చెప్పేవాళ్ళా?"

హిల్కాకు భూమి చీలితే లోపలికి వెళ్ళిపోదామనిపించింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేదే. ఎన్సియో చెయ్యి వదలకుండానే, మామూలుగానే అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

నిన్న అనొచ్చు. ఒక్క మాట. నిన్న సాయంత్రం తెలిసింది, పొద్దున్నే వచ్చేశాను అంటే ఆయన నమ్ముతాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పదకొండు రోజులైంది" అంది.

ఎన్సియో లోపల్లోపల లెక్కపెట్టుకోవడం ఆవిడకు కనిపించింది.

"నేను ఫోను చేసింది శుక్రవారం."

"అప్పటికి తెలుసు."

ఆయన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. కోపంగా లాక్కున్నా బాగుండేది. కాగితం మడత విప్పి ఆవిడకు చూపించాడు. వరసగా పేర్లున్నాయి. కూతురి పేరు, మనవల పేర్లు, భార్య పుట్టినరోజు, ఫెర్రీ నడిపిన సంవత్సరాలు.

"రోజూ పొద్దున్నే ఇవి చూడకుండా అప్పజెప్పుకుంటున్నాను. ఏ రోజు ఏది పోతుందో చూద్దామని. మర్కెత్తాకు చెప్పేశాను. ఏడ్చింది. కారు తాళాలు తీసుకెళ్ళిపోయింది. నా పడవ మా ఇంటి దగ్గరి కలెర్వోకి ఇచ్చేశాను. నీళ్ళ మధ్య ఇల్లు ఏ దిక్కునుందో మర్చిపోతే ఏం గతి అని."

"ఎన్సియో గారూ, నేను..."

"వద్దు" అన్నాడు. గట్టిగా అనలేదు.

నర్సు తలుపు తీసి ఆయన పేరు పిలిచింది. లేచి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి ఏదో చెప్పి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. కారు తాళాలు లేవు, మళ్ళీ బస్సు సాయంత్రం గానీ లేదు కాబట్టి హిల్కా కారే ఎక్కాలి. ఎక్కాడు. పద్దెనిమిది కిలోమీటర్లూ కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఇంటి ముందు దిగబోతూ, కారు తలుపు పట్టుకుని వంగి చెప్పాడు.

"కూతురికి నేను చెప్పుకుంటాను. పడవ నువ్వెళ్ళి అడుగు. ఎందుకో కూడా నువ్వే చెప్పాలి. నా మతి పోయిందని కలెర్వో ఊరంతా చెప్పేసి ఉంటాడు ఈపాటికి."

కలెర్వో ఇల్లు నాలుగు ఇళ్ళ అవతల, సరస్సు ఒడ్డున. హిల్కా వెళ్ళేసరికి ఎండలో గోడకానుకుని కూర్చుని, ముగ్గురు స్నేహితులతో కాఫీ తాగుతున్నాడు. ముగ్గురిలో ఇద్దరికి పాఠాలు చెప్పింది తనే. అందరూ లేచి నిలబడ్డారు.

"రండి టీచర్. కాఫీ పొయ్యనా?"

"వద్దు. ఎన్సియో గారి పడవ కోసం వచ్చాను. వెనక్కి కావాలి ఆయనకి."

కలెర్వో స్నేహితుల వంక చూసి, తల పక్కన వేలు చిన్నగా తిప్పాడు. "పాపం, ఇచ్చిన సంగతి మర్చిపోయి ఉంటాడు. మీరు బాధపడకండి, మీకు తెలియదు గానీ, ఆయనకు..."

"ఆయనకు అన్నీ గుర్తున్నాయి" అంది హిల్కా. "ఆయన మతికి ఏమీ కాలేదు. కంప్యూటరు నేను పాడుచేసి, ఆయన మర్చిపోయారని నమ్మించాను."

కలెర్వో వేలు దించేశాడు. ఎవరూ కాఫీ ముట్టలేదు.

"నమ్మించడమేమిటి?" అన్నాడు. "మీకు మాత్రం ఏం తెలుసు, పొరపాటున జరిగి ఉంటుంది."

తప్పుకోవడానికి ఆయనే దారి చూపించాడు. పొరపాటే అని తల ఊపితే చాలు, అందరూ కూర్చునేవారు.

"పొరపాటు మొదటిరోజు" అంది హిల్కా. "తరవాత తెలిసింది. ఆయన ఫోను చేసి, నేను రాశానా లేదా అని అడిగారు. వాళ్ళన్న సంగతి కూడా చెప్పి మరీ అడిగారు. మర్చిపోయి ఉంటారని చెప్పాను."

"తెలిసీనా?"

"తెలిసే" అంది హిల్కా.

కలెర్వో కప్పు కింద పెట్టాడు. పడవ తాళం తేవడానికి లోపలికి వెళ్ళాడు. మిగతా ముగ్గురూ సరస్సు వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన వచ్చేదాకా హిల్కా ఆ పెరట్లో ఒక్కర్తే నిలబడింది.